అమ్మ తొక్కిన కిలోమీటర్లు

“బాత్‌రూములో జారి పడింది చెల్లెమ్మా. నేల తడిగా ఉండింది, సూసుకోలా. ఎడమ చెయ్యి ఊనుకునేసరికి మణికట్టు కాడ ఎముక ఇరిగింది. పుత్తూరులో కట్టు కట్టించుకోని ఇప్పుడే ఇంటికొచ్చినాం.”

వరండాలో నిలబడి ఫోన్లో చెబుతున్నాడు ఏకాంబరం. శ్రీకాళహస్తిలో ఉన్న కాబోయే వియ్యపురాలు అలివేలమ్మతో మాట్లాడేటప్పుడు ఆయన గొంతు ఎప్పుడూ ఒక మెట్టు కిందికి దిగుతుంది. మామిడితోటలో కూలీలను ఈ చివర నుంచి ఆ చివరకు కేకేసే గొంతేనా ఇది అనిపిస్తుంది.

అమ్మకు రాగిజావ తెస్తున్న జాహ్నవి హాల్లోనే ఆగిపోయింది.

టీవీ పక్కన మూలలో ఆ సైకిల్ ఉంది. చక్రాలు లేని సైకిల్. ఎంత తొక్కినా గడప దాటని సైకిల్. దాని కుడి పెడల్‌కు వంకాయరంగు చీర పీలిక ఇంకా వేలాడుతోంది. పొద్దున పదకొండు గంటల వరకు ఆ పీలిక అమ్మ కట్టుకున్న చీర కుచ్చిళ్ళలో ఉంది.

“ఆఁ... జానూ బాగుండాది. తొక్కతా ఉండాది, తొక్కతా ఉండాది. ఈ పొద్దు ఏడు కిలోమీటర్లా? మీ ఫోన్‌కు వచ్చేసిందా? సంతోషం చెల్లెమ్మా. ఉంటా.”

ఏకాంబరం లోపలికి వచ్చి కూతురిని చూసి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

“ఎవురు నాయనా బాత్‌రూములో పడింది?”

“మీయమ్మకు జావ ఇయ్యి ముందు. సల్లారిపోతాది.”

“ఎవురు బాత్‌రూములో పడింది?”

“మెల్లగా మాట్లాడు. వీధిలోకి ఇనపడతాది.”

“ఇనపడనీ.” జాహ్నవి గ్లాసును టీవీ బల్ల మీద ఠక్కున పెట్టింది. జావ తొణికి చేతి మీద పడింది. తుడుచుకోలేదు. “ఈ పొద్దు పదకొండున్నరకు పుత్తూరులో, మా ల్యాబులో, ఒక ముసలాయనకు నెత్తురు తీస్తా ఉండాను. ఫోన్ మోగింది. సూస్తే మీ చెల్లెమ్మ మెసేజి. ‘ఏడు కిలోమీటర్లు, వెరీ గుడ్’ అని, పక్కన పువ్వుల బొమ్మలు. నేను పుత్తూరులో ఉంటే వడమాలపేటలో ఎవురు తొక్కినారబ్బా అనుకుంటా ఉండగానే నీ ఫోన్ వచ్చింది. మీయమ్మ పడింది, కట్టు కట్టే కాడికి రా అని. ఇప్పుడు జెప్పు. బాత్‌రూములో పడిందెవురు?”

ఏకాంబరం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

సైకిల్ ఇంటికి వచ్చి ఆరు వారాలైంది. కాణిపాకంలో నిశ్చితార్థం జరిగిన పదో రోజున, ఆరోగ్యానికి మంచిదని కాళహస్తి వాళ్ళు పంపితే, ట్రాలీ ఆటోలో దిగింది. వాళ్ళ మనిషే వచ్చి బిగించి, ఇంట్లో ఉన్న వైఫైకి కలిపి పోయాడు. ఈ హాల్లో ఎవరు ఎంత తొక్కారో ఆ లెక్క శ్రీకాళహస్తిలో అలివేలమ్మ ఫోన్‌కు పోతుందన్న సంగతి మాత్రం అతను చెప్పలేదు. మూడు వారాల తర్వాత అలివేలమ్మే నవ్వుతూ చెప్పింది. కిందటి ఆదివారం నుంచి జాహ్నవి దాని మీద ఎక్కడం మానేసింది.

మానేస్తే ఎవరూ అడగలేదు. కాళహస్తి నుంచి దెప్పిపొడుపు రాలేదు. తాను గెలిచాననుకుంది. వారం పాటు ఆ గెలుపుతో ల్యాబుకు పోయి వచ్చింది.

“అమ్మ తొక్కతా ఉండాదని నీకు తెలుసా నాయనా?”

ఏకాంబరం కిటికీలోంచి బయటకు చూశాడు.

“తెలుసు నీకు.”

“రెండు దినాలే అనింది. నువ్వు మళ్ళీ మొదులుపెట్టేదాకా లెక్క తప్పకుండా ఉండాలని...”

“యాభై మూడేండ్ల మనిషి. బీపీ మాత్రలు మింగతా ఉండాది. మోకాళ్ళు వంగక బాత్‌రూముకు గోడ పట్టుకోని పోతాది. ఆమెను ఎక్కించినావా దీని మీదికి?”

“నేనెక్కించలేదు! ఆమే ఎక్కింది!” ఏకాంబరం గొంతు ఒక్కసారిగా తోటలో గొంతైంది. “నీకేం తెలుసు పాపా. నిన్ను సూడను వచ్చిన పలమనేరు వాళ్ళు కాఫీ గూడా తాగకుండా లేసి పోయినారు. చిత్తూరు వాళ్ళు కార్లో కూర్చున్నాక నన్ను దగ్గరికి పిలిచి, పాప పది కేజీలు తగ్గితే ఫోన్ చెయ్యండన్నారు. కారు అద్దం సగమే దించి చెప్పినారు ఆ మాట. నేను ఎండలో నిలబడుకోని ఇన్నాను.”

జాహ్నవికి ఈ కారు సంగతి తెలియదు. 

“నువ్వేమన్నావు?” అంది.

“ఏమంటాను? సరే అన్నాను.”

“సరే అన్నావా.”

“అనక?”

జాహ్నవి వంగి పెడల్‌లో చిక్కుకున్న పీలికను లాగింది. రాలేదు. గట్టిగా లాగితే చిరిగి సగం చేతిలోకి వచ్చింది, సగం అక్కడే ఉండిపోయింది. గ్రీజు మరక అయిన ఆ ముక్కను తండ్రి ముందు బల్ల మీద పెట్టి, జావ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

మరుసటి రోజు ల్యాబుకు సెలవు పెట్టింది.

రుక్మిణమ్మ ఎడమ చెయ్యి మోచేతి దాకా వెదురు బద్దల మధ్య బిగిసి ఉంది. గుడ్డ కట్టు మీద పసరు మరకలు ఆరిపోయాయి. ఆ వాసన గదంతా నిండింది. ఒంటి చేత్తో జడ వేసుకోలేక అద్దం ముందు పీట మీద కూర్చుంది. జాహ్నవి వెనక నిలబడి దువ్వెన తీసుకుంది.

 తల్లి తలలో చిక్కు తీయడం జాహ్నవికి ఇదే మొదటిసారి. ఇరవై ఏడేళ్ళుగా ఇది తల్లి చేసిన పని.

“నొప్పిగా ఉండాదా?”

“చెయ్యి నొప్పి లేదు. మోకాళ్ళే.”

“ఎన్ని దినాలు తొక్కినావు మా?”

రుక్మిణమ్మ అద్దంలో కూతురి వైపు చూసి తల దించుకుంది. “మంగళవారం నుంచి.”

“ఎవురు తొక్కమన్నారు?”

“ఎవురూ అనలా.”

“మా.”

“వదిన ఫోన్ జేసింది.” రుక్మిణమ్మ గొంతు మెల్లగా ఉంది. అలివేలమ్మను ఆమె ఇప్పటికే వదినా అని పిలుస్తుంది. “మంగళవారం మధ్యానం. ‘ఏం వదినా, రెండు దినాలుగా సున్నా వస్తా ఉండాది. మా ఫోన్ పనిచెయ్యలేదా, మీ పాప పనిచెయ్యలేదా’ అనింది. నేనూ నవ్వినాను. ఏం జేస్తాను? నవ్వి ఫోన్ పెట్టేసినాను. ఆ సున్నా మాట మాత్రం యాడ కూర్చున్నా చెవిలోనే ఉండింది. వాకిలి ఏసి ఎక్కినా.”

దువ్వెన ఆగింది.

“మొదటి దినం రెండు కిలోమీటర్లు. దిగితే కాళ్ళు నిలబడలా. మర్నాడు మూడు. మీ నాయన తోటకు పోయినాక, నువ్వు బస్సెక్కినాక తొక్కతా ఉండా. నిన్న, ఏడు జేస్తే వదిన సంతోషపడతాదని, ఒక వారం నిన్నేమీ అనదని...” రుక్మిణమ్మ మంచి చేత్తో మోకాలు రుద్దుకుంది. “కడాన కళ్ళు తిరిగినట్టయింది. దిగబోతే కుచ్చిళ్ళు చిక్కుకున్నాయి.”

జాహ్నవికి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. వారంగా ఇల్లంతా తైలం వాసన వస్తుంటే అమ్మకు మామూలు మోకాళ్ళ నొప్పులే అనుకుంది. రోజూ పదిమంది నెత్తురు పరీక్ష చేసి ఎవరికి ఏముందో రాసి ఇచ్చే మనిషి, ఇంట్లో తల్లి కుంటుతుంటే అడగలేదు. తన మీది కోపం కూడా అందులో కలిసింది.

“నన్ను సూడను వచ్చినప్పుడు,” అంది రుక్మిణమ్మ, “మీ జేజి, అదే మా అత్త, నా రెండు చేతులూ పట్టుకోని తిప్పి తిప్పి సూసింది. పాలు పితికే చేతులేనా అని. అదీ మర్యాద కాదులే. అయినా ఒక్కసారి సూసింది, అయిపోయింది. ఇట్ల దినామూ సూసే సూపు మా కాలంలో లేదు.”

నిజానికి మొదట్లో జాహ్నవికి ఆ సైకిల్ నచ్చింది. ఈ మాట ఎవరితోనూ అనలేదు. టెన్త్ క్లాసులో, ఇక్కడికి ఇల్లు మారక ముందు, పల్లె నుంచి వడమాలపేట హైస్కూలుకు నాలుగు కిలోమీటర్లు లేడీస్ సైకిల్ తొక్కుకుంటూ పోయేది. రెండు పక్కలా మామిడితోటలు, ఎదురుగాలి, వెనక క్యారియర్ మీద టిఫిన్ డబ్బా గలగల. ఇన్నేళ్ళకు మళ్ళీ కాళ్ళు ఆ లయను గుర్తుపట్టాయి. తెల్లవారి ఆరింటికి లేచి, పాటలు పెట్టుకుని, చెమట కారుతుంటే తొక్కేది. సీటు గట్టిగా ఉండి మొదటి వారం కూర్చోలేకపోయింది, ఆ తర్వాత అలవాటైంది. మూడు వారాల్లో రెండు కేజీలు తగ్గింది. ల్యాబు మెట్లు ఆగకుండా ఎక్కగలుగుతోంది. తన కోసం తాను తొక్కుతున్నాననుకుంది.

తర్వాత ఒకరోజు అలివేలమ్మ ఫోన్ చేసి, “ఈ పొద్దు నాలుగో కిలోమీటరు కాడ ఆరు నిమిషాలు నిలబడిపోయినావే, ఏమైంది?” అంది.

ఆ రోజు నుంచి సీటు మీద కూర్చుంటే ఎవరో వీపు వెనక నిలబడి చూస్తున్నట్టే ఉండేది.

ఆ సాయంత్రమే అలివేలమ్మ కొడుకు, తనకు కాబోయే మొగుడు యోగానందతో ఫోన్లో చెప్పుకుంది. అతను శ్రీసిటీలో ఒక కంపెనీలో ఇంజనీరు. మాట మెత్తన. “మా అమ్మ మాటలు పట్టించుకోవద్దు జాహ్నవీ. ఆమె గుణమే అంత. నేనుండాను గదా,” అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నాళ్ళూ సర్దుకుంది.

“ఆదివారం వాళ్ళు నన్ను సూడను వస్తా ఉండారు,” అంది రుక్మిణమ్మ. “నువ్వేమీ మాట్లాడొద్దు పాపా. బాత్‌రూము అంటే బాత్‌రూమే. రెండు గంటలు కూర్చోని పోతారు. నాకోసం.”

జాహ్నవి జడ అల్లడం ముగించి రబ్బరు బ్యాండు వేసింది. 

ఆదివారం పదకొండు గంటలకు కారు వచ్చి ఆగింది.

అలివేలమ్మ దిగుతూనే “అయ్యో వదినా!” అంటూ హాల్లో మంచం మీద కూర్చున్న రుక్మిణమ్మ దగ్గరికి పోయి, కట్టు కట్టిన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అందులో నటన లేదు. దానిమ్మ పండ్లు, తేనె సీసా తెచ్చింది. పుత్తూరు కట్టుకు ఏమేం పథ్యం చెయ్యాలో, తన అక్కకు కాలు విరిగితే ఎన్నాళ్ళకు అతుక్కుందో వివరంగా చెప్పింది. వెనకే యోగానంద వచ్చి, చెప్పులు విడిచి, “ఎట్లుండారు మామా” అని ఏకాంబరాన్ని పలకరించి సోఫాలో కూర్చున్నాడు. వాళ్ళ నాయన వరదయ్య రాలేదు. అంగడి వదిలి రాలేనన్నాడట.

కాఫీలు అయ్యాయి. అలివేలమ్మ లేచి సైకిల్ దగ్గరికి పోయి దాని మీదున్న చిన్న తెరను వేలితో నొక్కింది.

“మొత్తం నూటా పన్నెండు కిలోమీటర్లు,” అంది మెచ్చుకోలుగా. తిరిగి జాహ్నవిని కింది నుంచి పైకి ఒకసారి చూసింది. “అయినా మొగంలో యాడా తెలీలేదే. తినేది తగ్గియ్యల్ల మా. తొక్కింది తొక్కినట్టు, తిన్నది తిన్నట్టు ఉంటే ఎట్ల?”

రుక్మిణమ్మ కూతురి వైపు బతిమాలుతున్నట్టు చూసింది. జాహ్నవి ఖాళీ కాఫీ గ్లాసులు ఒకచోట చేర్చింది.

అలివేలమ్మ సంచీలోంచి ఒక కవరు తీసింది. “ఇవి సూడండి వదినా. పెండ్లి జాకెట్లు. మూడు కుట్టించేసినా. కాళహస్తిలో మగ్గం పని జేసే ఆమె బలే జేస్తాది.”

ఎర్రటి పట్టు మీద బంగారు నెమళ్ళు. పని నిజంగానే బాగుంది. జాహ్నవి ఒకటి చేతిలోకి తీసుకుని విప్పింది. చేతులు చూసింది. నడుము చూసింది. హైస్కూలుకు పోయే రోజుల్లో కూడా తనకు పట్టని కొలత అది.

“ఇవి ఎవురికత్తా?”

“నీకే మా. ఇంకెవురికి?”

“ఇది నా కొలత కాదు.”

“పెండ్లి నాటికి అవుతాది. రెండు నెలలు ఉండాది గదా. ముందే కుట్టి పెడితే నీకూ ఒక పట్టుదల వస్తాదని అట్ల జేసినా. మొన్న ఏడు కిలోమీటర్లు తొక్కినావు. అట్లనే దినామూ తొక్కితే...”

“ఆ ఏడు కిలోమీటర్లు నేను తొక్కలేదత్తా.”

ఏకాంబరం గట్టిగా దగ్గాడు. “జానూ, లోపల నీళ్ళు...”

“మాయమ్మ తొక్కింది. మంగళవారం నుంచి ఆమే తొక్కింది. ఏడో కిలోమీటరు కాడ కళ్ళు తిరిగి పడింది. చెయ్యి ఇరిగింది బాత్‌రూములో కాదు. మీరు నిలబడుకోనుండారే, ఆడ.”

అలివేలమ్మ గబుక్కున ఒక అడుగు పక్కకు జరిగింది.  రుక్మిణమ్మ మంచి చెయ్యి కొంగు చివరను వేళ్ళకు చుట్టుకుంటోంది.

అయ్యో అంటుందేమోనని జాహ్నవి ఎదురు చూసింది. ఆ ఒక్క మాట వస్తే తాను కూడా కొంత తగ్గేదే.

“అంటే మమ్మల్ని ఏమార్చినారా?” అంది అలివేలమ్మ. “ఇన్ని దినాలూ నేను పిచ్చిదాని మాదిరి ఫోన్ సూసి సంతోషపడతా ఉంటే, మీరంతా కలిసి దొంగలెక్క పంపించినారా? ఏందన్నా ఇది, బాత్‌రూములో పడిందని నాతో ఎంత అమాయకంగా జెప్తిరే!”

ఏకాంబరం లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించాడు. “తప్పయిపోయింది చెల్లెమ్మా. పెద్ద మనసు జేసుకోవల్ల. ఏదో భయం కొద్దీ...”

తండ్రి జోడించిన చేతులు చూసేసరికి జాహ్నవికి ఒళ్ళు మండిపోయింది. పలమనేరు వాళ్ళ ముందు, చిత్తూరు వాళ్ళ కారు పక్కన కూడా ఈ చేతులు ఇట్లాగే ఉండి ఉంటాయి.

“చేతులు దించు నాయనా! చెయ్యి ఇరిగింది మనింట్లో. మనమెందుకు తప్పయిందనాల?”

“నువ్వు ఊరుకో!”

“ఊరుకోను. ఏమత్తా, ఆరోగ్యానికి మంచిదని పంపించినారు గదా దీన్ని? ఆరోగ్యం నాదైతే లెక్క మీ ఫోన్‌కు ఎందుకు? ఏ నిమిషంలో తొక్కినాను, యాడ నిలబడినాను, మీకెందుకు?”

“మేం నిన్నేమన్నా తిండి మానేయమన్నామా? తిట్టినామా? మంచికి పోతే ఇట్లనా మాట్లాడేది? మా ఇంటికి వచ్చే కోడలు నలుగురిలో సక్కంగా ఉండాలని...”

“మీ కొడుకు ఎంత బరువు?”

అలివేలమ్మకు అర్థం కాలేదు. “ఏంది?”

“నాకంటే పన్నెండు కేజీలు ఎక్కువ. నిశ్చితార్థం దినం నేనే అడిగినా, ఆయనే జెప్పినాడు, నవ్వతా. మరి మీ ఇంట్లో సైకిల్ ఏదీ? ఆయన లెక్క ఎవురి ఫోన్‌కు వస్తాది?”

“మగపిల్లోడికీ ఆడపిల్లకూ...”

“ఆ మాట ఒద్దత్తా.” జాహ్నవి యోగానంద వైపు తిరిగింది. “మీరు లేసి ఒక్క కిలోమీటరు తొక్కండి. అందరం సూస్తాం. నేను ఐదు వారాలు ఎట్ల తొక్కినానో మీకూ తెలియాల.”

యోగానంద నవ్వబోయి ఆపుకున్నాడు. “ఇప్పుడెందుకులే జాహ్నవీ. పెద్దోళ్ళు ఉండారు.”

“పెద్దోళ్ళు సూస్తా ఉంటే తొక్కడం ఎట్లుంటాదో తెలుస్తాది.”

అతను తల్లి వైపు చూశాడు. సోఫాలోంచి కదలలేదు. అలివేలమ్మ కొడుక్కి అడ్డంగా వచ్చి నిలబడింది. “వాడెందుకు ఎక్కాల? నీ కోపమంతా నా మీద గదా? నా మీద సూపించు.”

“మీ మీదే అత్తా. ఈయన మీద నాకు కోపం లేదు. మీకు ఎదురు జెప్పలేక సతమతమైపోతా ఉండాడు పాపం. దినామూ ఫోన్ జేసి, మా అమ్మ గుణమే అంత, ఆమె మాటలు పట్టించుకోవద్దని నాకు ధైర్యం జెప్తాడు. మీరు ఈ సైకిల్ పంపించకుండా ఉంటే మా ఇద్దరి మధ్య...”

“పట్టించుకోవద్దన్నాడా?”

అలివేలమ్మ గొంతు మారిపోయింది. మెల్లగా కొడుకు వైపు తిరిగింది.

“ఏమన్నావురా? నా మాటలు పట్టించుకోవద్దన్నావా?”

“అమ్మా, అది...”

“మా అమ్మ గుణమే అంత అన్నావా?”

యోగానంద చెవుల దాకా ఎర్రబడ్డాడు. “అమ్మా, ఇంటికి పోయి మాట్లాడదాం. పద.”

“యాడికి పోయేది?” అలివేలమ్మ కదలలేదు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవమానం పడిన మనిషి కళ్ళు అవి. జాహ్నవికి ఆ కళ్ళు తెలుసు. ఇన్ని వారాలుగా అద్దంలో చూస్తున్నవే. “ఇన్ని దినాలూ నా నెత్తినేసుకున్నా. గయ్యాళి అత్తనైనా. కానీలే, కొడుకు కోసం గదా అనుకున్నా. వెనకమాల నన్నే తప్పు పడతా ఉండాడా వీడు? ఇంక నా వల్ల కాదు.”

“అమ్మా!”

“ఈ సైకిల్ నేను పంపించలేదు మా. వీడు ఏరినాడు, వీడు కొన్నాడు, వీడు పంపించినాడు. నాకు ఫోన్లో మెసేజి సూసేదే సరిగ్గా రాదు. నా ఫోన్‌లో ఇదంతా పెట్టి, ఇట్ల సూడల్ల, ఇట్ల అడగల్ల అని నేర్పించింది వీడు. ‘నేను జెప్తే ఆ పిల్ల బాధపడతాదిమా, నువ్వు అడుగు’ అన్నాడు. జాకెట్ల కొలత గూడా వీడు రాసిచ్చినదే.”



రుక్మిణమ్మ మంచం మీద నుంచి లేచింది. ఒంటి చేత్తో ఆ మూడు జాకెట్లనూ ఒకటొకటిగా మడిచి, కవరులో పెట్టి, ఆ కవరును యోగానంద పక్కన సోఫా మీద పెట్టింది. మళ్ళీ వచ్చి తన చోట కూర్చుంది.

“నిజమేనా?” అంది జాహ్నవి.

యోగానంద నేల చూస్తూ ఉన్నాడు. “నిశ్చితార్థం ఫోటోలు గ్రూపులో పెట్టినా. ఫ్రెండ్స్ ఏదో అన్నారు. ఊరికే, తమాషాకు.”

“ఏమన్నారు?”

“ఇప్పుడు అవన్నీ ఎందుకు?”

“ఏమన్నారు?”

అతను చెప్పలేదు. చెప్పకుండా ఉన్నంతసేపూ ఆ మాట ఏమై ఉంటుందో హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ వినిపిస్తూనే ఉంది. ఏకాంబరం మెడ మీది తువ్వాలు తీసి చేతిలో నలుపుతున్నాడు.

జాహ్నవికి చిత్రంగా కోపం చల్లబడినట్టనిపించింది. చల్లబడలేదు. ఇన్నాళ్ళూ ఒకరి మీద పెట్టుకున్న కోపం చోటు మారుతోంది, అంతే. ఎన్ని సాయంత్రాలు ఈయన మెత్తని గొంతు విని కళ్ళు తుడుచుకుంది! ఫోన్ పెట్టేసి అటు తిరిగి, రేపు ఏమడగాలో తల్లికి చెప్పేవాడన్నమాట.

“ఒక్క మాట అడుగుతా,” అంది. “పెండ్లి అయినాక గూడా నేను ఇట్లనే ఉంటే? తగ్గకపోతే?”

యోగానంద తలెత్తాడు. అతని ముఖంలో మొదటిసారి తేలిక కనిపించింది. జవాబు తెలిసిన ప్రశ్న వచ్చిన పిల్లవాడి ముఖం అది.

“ఎందుకు తగ్గవు? తగ్గతావులే జాహ్నవీ. నాకు నమ్మకం ఉండాది,” అన్నాడు. ఎంతో ప్రేమగా అన్నాడు.

అలివేలమ్మ కళ్ళు మూసుకుంది.

ఏకాంబరం గొంతు సవరించుకున్నాడు. ఈసారి ఆ గొంతు కిందికి దిగలేదు. “చెల్లెమ్మా, బావను రమ్మని జెప్పు. మావైపు పెద్దమనుషుల్ని ఇద్దర్ని నేనూ పిలుస్తా. వచ్చే ఆదివారం అందరం కూర్చోని మాట్లాడదాం. ఇది మనం మనం తేల్చుకునే యవ్వారం.”

“అంతదాకా ఎందుకు నాయనా?” అంది జాహ్నవి.

గోడకు ఆనించి ఉన్న కుర్చీని లాక్కొచ్చి, యోగానంద మోకాళ్ళకు తన మోకాళ్ళు తగిలేంత దగ్గరగా వేసుకుని, అతని ఎదురుగా కూర్చుంది.

“మీరూ కూర్చోండత్తా. మీరు యాడికీ పోవద్దు. ఈయన మీకు జెప్పినదేదో, నాకు జెప్పినదేదో, ఇద్దరం ఒకే చోట ఇందాం.” అతని ముఖంలోకి సూటిగా చూసింది. “ఊఁ, మొదటి నుంచి జెప్పండి.”